ఆయా రంగు

ఆ ఎండాకాలం మా ఇంటిల్లిపాదీ ఒకే సినిమాకి పనిచేశాం. ఇంటిల్లిపాదీ అంటే ఎంతమందిమి, అమ్మ, నేను, చెల్లి. అరవై డెబ్భై ఏళ్ళ కిందటి ఒక పెద్దింటి కథ అది. తాత ఆస్తి, కొడుకుల తగవులు, కోడళ్ళ ఏడుపులు, వాళ్ళందరి మధ్యా ఆ ఇంటి పిల్లల్ని పెంచిన ఒక ఆయా. ఆయా నల్లటి మనిషని కథలోనే రాసి ఉంది. మేమూ నల్లగానే ఉంటాం. మా అమ్మ ఇరవై ఎనిమిదేళ్ళు ఒక మేడలో ఆయాగా చేసింది. అందుకే ఆ డైరెక్టరు మా గుమ్మం తొక్కాడు కానీ, లేకపోతే మా సందులోకి కారు ఎందుకొస్తుంది.

నేను అప్పటికి ఆరేళ్ళుగా మేకప్ మాస్టారి దగ్గర అసిస్టెంటుని. స్పాంజీలు కడగడం, డబ్బాలు తుడవడం, ఆయన చెయ్యి చాపితే ఏ బ్రష్షు కావాలో చెప్పకుండానే అందించడం నా పని. యూనియన్ కార్డు ఉంటేనే సొంతంగా ఒక మొహాన్ని ముట్టుకోవచ్చు. ఆ కార్డు మీద మాస్టారి సంతకం కావాలి. వచ్చే ఏడాది, వచ్చే ఏడాది అంటూ ఆయన ఆరేళ్ళు లాగాడు. డైరెక్టరుకి మా అమ్మ సంగతి చెప్పింది నేనే. అలా చెబితే మాస్టారి కళ్ళల్లో పడతానని నా ఆశ.

డైరెక్టరు మా ముందుగదిలో ఉన్న ఒక్క కుర్చీలో కూర్చుని నోటుబుక్కు తెరిచాడు. ఆయాని ఆ ఇంట్లోంచి పంపించేసే సీను రాయాలట. అమ్మని ఆ మేడవాళ్ళు పంపించేసిన రోజు ఏం జరిగిందని అడిగాడు. అమ్మ నీళ్ళు నమిలింది. కొత్తవాళ్ళ ముందు ఆవిడకి మాట రాదు. గోడకి చేరి నిలబడి, "ఏముంది బాబూ, వెళ్ళమన్నారు, వచ్చేశాను" అంది.

అప్పుడే మా చెల్లి డ్యూటీ దిగి వచ్చింది. అది బస్సు కండక్టరు. టిక్కెట్ల సంచీ మేకుకి తగిలించి, సంగతేమిటో విని, "అమ్మ చెప్పదండీ, నేను చేసి చూపిస్తా" అంది. మడతపెట్టిన తువ్వాళ్ళు నాలుగు తీసి చేతుల మీద వేసుకుంది. వంటింట్లోంచి ముందుగదిలోకి నడిచింది. ఆ నడక అమ్మదే, కుడి మోకాలు కొంచెం పట్టేసినట్టు. డైరెక్టరు ఎదురుగా ఆగి, తువ్వాళ్ళు ఆయన ఒళ్ళో పెట్టింది.

"పాపకి తలస్నానం చేయించేటప్పుడు ఎడమ చెవిలో దూది పెట్టండమ్మగారూ. చెవిపోటొస్తే అది చెప్పదు. భుజం పైకెత్తుకుంటుంది, అంతే. మీరే చూసుకోవాలి."

వెళ్ళమన్న రోజున మా అమ్మ అన్న మాటలు అవే. తన గురించి ఒక్క ముక్క అడగలేదు. డైరెక్టరు రాసుకోవడం మరిచిపోయి అలాగే కూర్చున్నాడు.

"మీరు ఇంతకుముందు నటించారా?" అన్నాడు చివరికి.

"రోజూ నటిస్తానండీ. బస్సు కిటకిటలాడుతుంటే లోపల బోలెడు చోటుందని జనాన్ని నమ్మించాలి కదా."

ఆయన నవ్వాడు. తర్వాతి వారం స్టూడియోకి పిలిపించి టెస్టు తీశాడు. చెల్లి డిపోలో సెలవు పెట్టింది. డిపో సూపర్‌వైజరు ఒక పట్టాన ఇవ్వనన్నాడట, ఇది సినిమా విడుదలయ్యాక పాసులు ఇప్పిస్తానందట, ఏదో గొడవపడి సాధించింది. రెండు వారాలు మా ఇంట్లో ఇదే గోల. అది వంటింట్లోంచి ముందుగదిలోకి నడవడం, అమ్మ మంచం మీంచి తప్పులు పట్టడం. "పిల్లనెత్తుకున్న మనిషి అలా ఊగుతూ నడవదే. నడుము ఒక పక్కకి వస్తుంది." రాత్రి అన్నం తింటూ కూడా అదే. మా నాన్న పోయిన తర్వాత అమ్మ అన్ని మాటలు మాట్లాడగా నేను వినలేదు.

మూడో వారం ప్రొడక్షన్ మేనేజరు కబురు చేశాడు. ఆయా వేషం ఒక పేరున్న హీరోయిన్ వేస్తోందట. జనానికి తెలిసిన మొహం కావాలని డబ్బు పెట్టే పైవాళ్ళు పట్టుబట్టారట. ఆవిడ పాలమీగడ రంగు మనిషి. మరి ఆయా నల్లటిది కదా అని నేను అడిగితే ఆయన నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. "మీ మాస్టారు ఉన్నది ఎందుకమ్మా?" అన్నాడు.

చెల్లికి ఒక పని ఉందన్నాడు. లైటింగు మనిషి పని. నటులు రాకముందు కెమెరామన్ దీపాలు సర్దుకోవాలి. నల్లటి ఒంటి మీద వెలుగు ఒకలా పడుతుంది, తెల్లటి ఒంటి మీద ఇంకోలా పడుతుంది. అందుకని ఆ రంగూ ఆ ఎత్తూ ఉన్న మనిషికి అదే వేషం బట్టలు కట్టబెట్టి, గుర్తు పెట్టిన చోట గంటలకొద్దీ నిలబెడతారు, నడిపిస్తారు. అంతా కుదిరాక ఆ మనిషి పక్కకి తప్పుకుంటుంది, నటి వచ్చి ఆ చోట నిలబడుతుంది.

చెల్లి ఒప్పుకోదనుకున్నాను. ఒప్పుకుంది. డైరెక్టరు విడిగా పిలిచి, తనకి ఇష్టం లేకుండా జరిగిందనీ, షూటింగు సగంలో నటి మారిన సినిమాలు కూడా ఉన్నాయనీ, దగ్గర్లోనే ఉండమనీ చెప్పాడట. "నిలబడటం నాకేమైనా కొత్తా? పైగా ఇక్కడ ఎవరూ కాలు తొక్కరు" అంది. నవ్వుతూనే అంది కానీ, ఆ ఆశ దాన్ని ఆ ఎండాకాలమంతా కాలు కాలిన పిల్లిలా తిప్పింది. దాన్ని చూస్తూ నేనూ కుదురుగా లేను.

షూటింగు ఒక పాత మేడలో. మొదటి రోజు మాస్టారు హీరోయిన్‌ని అద్దం ముందు కూర్చోబెట్టి, నన్ను పిలిచి, "మీ చెల్లిని తీసుకురా" అన్నాడు. చెల్లి ముంజేతిని బల్ల మీద చాపమన్నాడు. ఆ చేతి మీద మూడు రంగులు గీతలు గీతలుగా పూసి చూశాడు. రెండోది మాయమైపోయింది, అంటే కుదిరిందన్నమాట. నోటుబుక్కులో "ఆయా రంగు" అని రాసి, దేంట్లో ఏది ఎంత కలపాలో కింద రాయించాడు. నేనే రాశాను. చెల్లి తడిగుడ్డతో చెయ్యి తుడుచుకుంటూ చదివింది. "నాకో ఫార్ములా ఉందన్నమాట" అంది.

మాస్టారు గంటన్నరలో హీరోయిన్‌ని నల్లగా చేసేశాడు. బాగానే ఉంది కానీ ఏదో తేడా కొట్టింది. అదేమిటో నాకు తట్టేలోపు చెల్లి పకపకా నవ్వింది.

"అరచేతులక్కూడా పూశారేంటండీ?"

మాస్టారి మొహం మాడిపోయింది. చెల్లి తన రెండు అరచేతులూ తిప్పి చూపించింది, లేతగా, గులాబీ రంగుగా, గీతలు మాత్రం నల్లగా. ఇరవై ఏళ్ళుగా మొహాలకి రంగులు వేసిన మనిషికి మా అరచేతులు ఎలా ఉంటాయో తెలీదు. ఎప్పుడైనా చూస్తేగా. ఆయన అరవబోతున్నాడని నేను ముందుకి వెళ్ళాను. హీరోయిన్ చేతులు తుడిచి మళ్ళీ మొదలుపెట్టాను. వేళ్ళ కణుపుల మీద ఒక పిసరు ముదురు, మోచేతుల దగ్గర బూడిద, పెదవుల చుట్టూ నీడ, కంటి కింద వేరే నీడ. కొలతలేవీ లేవు. నా ఒంటినీ అమ్మ ఒంటినీ ముప్ఫై ఏళ్ళు చూసిన చూపు, అంతే. నలభై నిమిషాల తర్వాత హీరోయిన్ లేచి నిలబడితే గదిలో ఉన్నవాళ్ళంతా దగ్గరికొచ్చి చూశారు.

మాస్టారు ఆవిడ చేతులు అటూ ఇటూ తిప్పి చూశాడు. "రేపట్నుంచి ఈవిడ మేకప్ నువ్వే చూసుకో అమ్మాయ్. సినిమా అయ్యాక కార్డు సంగతి చూద్దాం" అన్నాడు.

నాకు గర్వంగా అనిపించింది. దాచేదేముంది, ఒళ్ళంతా గర్వంగా అనిపించింది. చెల్లి అక్కడే ఉంది. నేను దాని మొహం చూడలేదు.

రోజులు ఒకేలా గడిచాయి. పొద్దున చెల్లి దీపాల కింద నిలబడేది. నేను మేడ మీది గదిలో హీరోయిన్‌కి చెల్లి రంగు పూసేదాన్ని. శబ్దం వస్తుందని పంకాలు ఆపేసేవాళ్ళు. హీరోయిన్‌కి చెమట పడితే రంగు చారలు కట్టేది, ఆయా తెల్లటి రవిక అంచులకి అంటేది. ఒకసారి పాపగా వేసిన పసిదాన్ని ఎత్తుకుంటే దాని బుగ్గకంతా అంటింది. ఆ పిల్ల తల్లి గబుక్కున లాక్కుని తుడిచింది, ఏదో రోగం అంటుకున్నట్టు. అది రంగేనని అందరికీ తెలుసు. అయినా నాకు ఒళ్ళు మండింది.

హీరోయిన్ చెడ్డ మనిషి కాదు. చెడ్డదైతే బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను. ఒకరోజు అద్దంలోంచి నన్ను చూస్తూ, "మీ చెల్లి రిహార్సల్ చేస్తుంటే మెట్ల మీంచి చూశానండీ" అంది.

నేను స్పాంజి పిండుకుంటున్నాను.

"నాకూ నచ్చలేదు. కానీ నేను వద్దంటే ఇంకొకరు వచ్చి ఇదే కుర్చీలో కూర్చుంటారు. ఆ ఇంకొకరు కూడా మీ చెల్లి మాత్రం కాదు."

"మెడ కాస్త ఎత్తండి" అన్నాను. ఆవిడన్నది నిజమే కాబట్టి నాకు ఇంకా కోపం వచ్చింది.

ఆఖరి వారంలో ఆయాని పంపించేసే సీను పెట్టారు. పొడుగాటి వరండా. ఒక కొస నుంచి ఆయా పాప బట్టల మడతలు పట్టుకుని నడిచి రావాలి, రెండో కొసన గుమ్మంలో నిలబడ్డ కోడలి చేతికి ఇచ్చి, ఆ దూది మాట చెప్పాలి. సాయంత్రం ఒక పావుగంట మాత్రం పడమటి కిటికీల్లోంచి ఎండ ఏటవాలుగా వరండా నిండా పడుతుంది. కెమెరామన్‌కి ఆ పావుగంట కావాలి. మర్నాటికి మేడ ఖాళీ చేయాలి.

ఎండ పడే వేళకి హీరోయిన్ మెడంతా చారలు కట్టింది. నేను మేడ మీంచి, పది నిమిషాలు పడుతుందని కబురు పంపాను. సగం సర్దేసరికి కింద ఒక్కసారిగా నిశ్శబ్దం. స్పాంజి చేత్తో పట్టుకునే మెట్లు దిగాను.

కెమెరా తిరుగుతోంది. పావుగంట వృథా చేయడం ఇష్టంలేక కెమెరామన్ చెల్లితోనే తీసేస్తున్నాడు. అది వరండా మధ్యకి వచ్చింది. మోకాలు పట్టేసిన నడక, నడుము ఒక పక్కకి. గుమ్మం దగ్గర ఆగింది. కోడలు వేషం వేసినావిడ మొదట ఊరికే నిలబడింది కానీ, చెల్లి బట్టలు చేతిలో పెట్టి చెవిలో దూది మాట చెప్పేసరికి ఆవిడ నిజంగా తల దించుకుంది. చెల్లి ఏడవలేదు. చెప్పాల్సింది సరిగ్గా చెప్పానా లేదా అన్న ఆదుర్దా ఒక్కటే దాని మొహంలో ఉంది. అమ్మ మొహంలో నేను చూసినదే. కట్ చెప్పాల్సిన డైరెక్టరు చెప్పలేదు. ఎండ దానంతట అదే పోయింది.

డైరెక్టరు మానిటర్లో రెండుసార్లు చూసుకున్నాడు. తర్వాత నన్ను పిలిచాడు. మాస్టారు నా పక్కకి వచ్చి నిలబడ్డాడు. చెల్లి మూడడుగుల దూరంలో ఖాళీ చేతులతో ఉంది.

"చూడండి," అన్నాడు డైరెక్టరు. "ఈ వెలుగు మళ్ళీ దొరకదు. దూరం షాటు మీ చెల్లిదే వాడాలి. దగ్గర షాటు రేపు స్టూడియోలో హీరోయిన్‌తో తీయమని పైవాళ్ళంటారు. ఒకదాని పక్కన ఒకటి పెడితే కలుస్తాయా?"

నేను ఆయన వంక చూశాను. ఆయన కళ్ళు తిప్పుకోలేదు.

"కలవవంటే చెప్పండి. ఆయా మొహం దగ్గరగా పడ్డవి ఇప్పటిదాకా నాలుగు సీన్లే. కలవవని మేకప్ వాళ్ళే అన్నారంటే, నేను పైవాళ్ళని పట్టుకుని కూర్చుంటాను. ఆ నాలుగూ స్టూడియోలో మీ చెల్లితో మళ్ళీ తీస్తాను. నాకో కారణం కావాలి, అంతే."

మాస్టారు గొంతు సవరించుకున్నాడు. ఇంకేం అనాల్సిన పని లేదు. కలవవంటే నా పని బాగాలేదని నేనే అన్నట్టు. ఆరేళ్ళ స్పాంజీలు కళ్ళముందు తిరిగాయి. అదొక్కటే కాదు. నెలన్నర పాటు నా చేతులతో నేను చేసిన పని అది, వంక పెట్టడానికి లేదు. దాన్ని నా నోటితో బాగాలేదనడానికి నాకు మనసు రాలేదు. రోషం వచ్చింది.

"కలుస్తాయండీ" అన్నాను.

"దగ్గరగా చూసినా?"

"దగ్గరగా చూసినా తెలీదండీ."

డైరెక్టరు తలూపాడు. ఇంకొకసారి తలూపాడు. లేచి వెళ్ళిపోయాడు. చెల్లి వేషం బట్టలు మార్చుకుని, మడతపెట్టి, కుర్చీ మీద పెట్టి, ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి ఇంటికి పోయింది. ఒక రోజు ముందే డ్యూటీలో చేరింది.

నేను ఇంటికి వెళ్ళేసరికి అది వంటింట్లో యూనిఫారం ఇస్త్రీ చేసుకుంటోంది. అమ్మకి అంతా చెప్పేసినట్టుంది. అమ్మ అటు తిరిగి పడుకుని ఉంది. తిడుతుందని చూశాను. తిడితే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది.

"నా మీద కోపమొచ్చిందా?" అన్నాను చెల్లితో.

"ఎందుకు? నువ్వేం అబద్ధం చెప్పలేదుగా. కలుస్తాయి. నేనూ చూశాగా."

"ఆయన మాత్రం నిజంగా మార్చేవాడంటావా? ఊరికే అన్నాడేమో."

చెల్లి ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది. "అదే తెలుసుకుందామనుకున్నా అక్కా" అంది. చొక్కా హ్యాంగరుకి తగిలించి దీపం ఆర్పేసింది.

కార్డు నెల తిరక్కుండా వచ్చింది. మాస్టారు మాట తప్పలేదు. కార్డు మీద ఫొటోలో నేను నవ్వుతున్నాను. దాన్ని ఇంట్లో ఎవరికీ చూపించలేదు, వాళ్ళూ అడగలేదు. చెల్లి మామూలుగానే మాట్లాడేది, జోకులేసేది. ఒకటి మాత్రం మానేసింది. వంటింట్లోంచి ముందుగదిలోకి వచ్చేటప్పుడు అమ్మలా నడిచి నవ్వించడం మానేసింది.

సినిమా చలికాలంలో విడుదలైంది. మా సందంతా కట్టగట్టుకుని మొదటి ఆదివారం మ్యాటనీకి వచ్చారు. చెల్లి సినిమాలో పనిచేసిందని అందరికీ తెలుసు, ఏం చేసిందో సరిగ్గా తెలీదు. కుట్టుమిషను అత్త ముందే చెప్పేసింది, మన పిల్ల మొహం కనపడగానే తను ఈల వేస్తానని. ఆవిడ మాకు చుట్టం కాదు, పక్కింట్లో బట్టలు కుడుతుంది. మమ్మల్ని చిన్నప్పట్నుంచీ చూసింది. మా అమ్మకంటే నలుపు.

వరండా సీను వచ్చింది. దూరం నుంచి ఎండలో చెల్లి నడిచి వస్తోంది. అమ్మ నా మణికట్టు పట్టుకుంది. చెల్లి గుమ్మం దాకా వచ్చింది. అక్కడ కత్తిరించారు. తర్వాత తెర నిండా హీరోయిన్ మొహం. కళ్ళ నిండా నీళ్ళు, వణుకుతున్న పెదవులు, ఎడమ చెవిలో దూది పెట్టండమ్మగారూ. అమ్మ నా చెయ్యి వదిలేసింది. హాలంతా ముక్కులు చీదుతున్నారు.

ఆఖర్న కూడా ఆ మొహాన్నే ఆపేసి, దాని మీదే పేర్లు వేశారు. హాల్లో లైట్లు వెలిగాయి. కుట్టుమిషను అత్త ముందు వరసలోంచి వెనక్కి తిరిగింది. ఈల వేయడం మరిచిపోయింది పాపం, ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"ఎంత బాగా చేశావే తల్లీ" అంది.

"అది నేను కాదత్తా," అంది చెల్లి. "వరండాలో దూరంగా నడిచిందే, అది ఒక్కటే నేను. మొహం హీరోయిన్‌ది."

"చాల్లే ఊరుకో. మాకు కళ్ళు లేవా?"

"నిజం అత్తా. ఆవిడ తెల్లగా ఉంటుంది. రంగు పూశారు."

"రంగు పూస్తే ఇలా ఉంటుందా? రంగు పూసినవాళ్ళని నేను చూళ్ళేదా ఏంటి, బొగ్గు పులుముకున్నట్టుంటారు. ఆ చేతులు చూడు, ఆ కణుపులు చూడు. అవి మన చేతులు." అత్త తన చేతులు చాపి చూపించింది. అటూ ఇటూ వరసల్లోవాళ్ళు కూడా అవునవునన్నారు. "పుట్టి బుద్ధెరిగాక మనలాంటి మొహం ఒకటి ఇంత పెద్దగా, ఇంతసేపు చూడటం ఇదే. ఈ పూటకి ఇంకేం వద్దు నాకు. నువ్వు కాదనకు."

చెల్లి అత్త వంక చూసింది. తర్వాత తెర వంక చూసింది. నా వంక చూడలేదు.

"సరే అత్తా. నేనే" అంది.

అత్త కుర్చీ మీంచి వంగి దాని బుగ్గలు రెండు చేతుల్లోకి తీసుకుంది. అది తీసుకోనిచ్చింది. అమ్మ తల వంచుకుని కళ్ళజోడు తుడుచుకుంటోంది, ఎంతసేపు తుడిచినా అవడం లేదు. తెర మీద ఇంకా పేర్లు వెళుతూనే ఉన్నాయి, నా పేరు కూడా వెళ్ళింది. నేను ఆ మొహాన్నే చూస్తూ కూర్చున్నాను. మెడ కిందో, జుట్టు మొదట్లోనో, కంటి కొసనో రంగు అంటని చోటు ఒక్కటైనా ఉంటే లేచి నిలబడి అందరికీ చూపిద్దామని వెతికాను. ఎక్కడా లేదు.